డ్రాగ్ కారు వెనక ఇరుసులో ఏ ఆయిల్ పోయాలి?

డ్రాగ్ రేసు నియమం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. పచ్చ దీపం వెలగగానే ముందుకు దూకుతాయి. పావు మైలు అవతల ఉన్న గీతను ఏ కారు ముందు దాటితే దానిదే గెలుపు. పావు మైలంటే 402 మీటర్లు. మలుపులుండవు, ఎదురుచూపులుండవు, రెండో అవకాశమూ ఉండదు. అమెరికాలో వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించి, ఈ పోటీకి ట్రాకును, నిబంధనలను, భద్రతను సమకూర్చాడు. ఈ ఆటలో పై అంతస్తు టాప్ ఫ్యూయెల్ కార్లది. వాటి ఇంజన్లు పది వేల హార్స్‌పవర్ దాటేశాయి, వేగం గంటకు 330 మైళ్లు దాటింది. 2008 నుంచి వాటిని పావు మైలుకు బదులు వెయ్యి అడుగులే పరిగెత్తిస్తున్నారు. అయితే ఈ ఆటను బతికిస్తున్నది కింది అంతస్తే. ఇంటి వెనక షెడ్డులో పాత మస్టాంగునో కమారోనో విప్పి, బిగించి, వారాంతంలో ట్రాకుకు తీసుకెళ్లి, పది పన్నెండు సెకన్లలో పావు మైలు పూర్తి చేసే వేలాది మంది మామూలు మనుషులు వాళ్లు.

వాళ్లు ఇంజన్ విషయంలో గ్రాము గ్రాముకూ లెక్క చూస్తారు. వెనక ఇరుసులో పోసే రెండు మూడు లీటర్ల గేర్ ఆయిల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామందికి ఒకటే నమ్మకం: ఎంత చిక్కగా ఉంటే గేరుకు అంత రక్ష. లారీలూ ట్రాక్టర్లూ బాగుచేసే చోట ఇది పుట్టడం సహజమే. విజయవాడ ఆటోనగర్‌లో క్రౌన్ పినియన్ విప్పే మేస్త్రీకి బరువు బండి, ఎండాకాలం, ఘాట్ రోడ్డు తెలుసు. అక్కడ చిక్కటి 140 ఆయిల్‌కు న్యాయమైన చోటుంది. అదే నమ్మకాన్ని పది సెకన్ల పరుగుకు తెచ్చి అతికిస్తే మాత్రం లెక్క తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో చూడాలంటే ముందు ఇరుసులోకి తొంగి చూడాలి.

ఇంజన్ ముందుంటుంది, తోసే చక్రాలు వెనకుంటాయి. కారు పొడవునా తిరుగుతూ వచ్చే షాఫ్టు చివర చిన్న పినియన్ గేరు ఉంటుంది. అది పెద్ద క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. అక్కడే తిరుగుడు దిశ తొంభై డిగ్రీలు మళ్లి రెండు చక్రాలకూ అందుతుంది. తొలినాళ్ల కార్లలో పినియన్ సరిగ్గా క్రౌన్ నడిమధ్యకు గురిపెట్టి ఉండేది. 1920లలో న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్‌లోని గ్లీసన్ వర్క్స్ ఇంజనీర్లు పినియన్‌ను మధ్య నుంచి కిందికి జరిపి బిగించేలా కొత్త పళ్లు చెక్కారు. ఇదే హైపాయిడ్ గేరు. 1926లో పాకార్డ్ కంపెనీ దీన్ని తన కార్లలో పెట్టింది. షాఫ్టు కిందికి దిగింది, దానితో కారు నేల మట్టమూ దిగింది, లోపల కూర్చునేవాళ్లకు సుఖం పెరిగింది. పినియన్ కాస్త లావుగా తయారై బలమూ పెరిగింది, చప్పుడు తగ్గింది.

ఈ లాభాలన్నిటికీ కట్టిన మూల్యం ఒకటే. మామూలు గేరు పళ్లు ఎక్కువగా ఒకదానిమీద ఒకటి దొర్లుతాయి. హైపాయిడ్ పళ్లు దొర్లుతూనే పొడవునా జారతాయి. సన్నికల్లు మీద పొత్రాన్ని బలంగా నొక్కి జరిపినట్టే ఇదీ: ఒత్తిడీ, రాపిడీ ఒకేచోట, ఒకేసారి. పినియన్ ఎంత కిందికి జరిగితే జారుడు అంత ఎక్కువ. డ్రాగ్ రేసుల్లో అందరూ కోరుకునే ఫోర్డ్ తొమ్మిది అంగుళాల ఇరుసు 1957లో వచ్చి 1986 దాకా ఫ్యాక్టరీ బండ్లలో నడిచింది. అందులో పినియన్ రెండు అంగుళాలకు పైగా కిందికి ఉంటుంది. దానికి పోటీగా నిలిచే డానా 60లో ఈ దూరం అంగుళం పైచిలుకు మాత్రమే. అందుకే తొమ్మిది అంగుళాల ఇరుసు కొంత శక్తిని ఎక్కువగా రాపిడికి వదులుకుంటుంది. అయినా రేసర్లు దాన్ని వదల్లేదు. పినియన్‌కు రెండు వైపులా బేరింగు ఆసరా ఉండటం, గేర్లున్న భాగమంతా ముందునుంచి ఒక్క ముక్కగా ఊడిరావడం, రేసుకీ రేసుకీ మధ్య గేర్ల నిష్పత్తి మార్చుకునే వీలుండటం వాళ్లకు అంతకంటే విలువైనవి. ఈ ఎంపికను తప్పుపట్టడానికి లేదు. ఆ ఇరుసు ఎంచుకున్నవాడు ఆయిల్ విషయంలో మిగతావాళ్లకంటే జాగ్రత్తగా ఉండాలన్నదే అసలు మాట.

హైపాయిడ్ వచ్చాక పాత ఆయిళ్లు పనికిరాకుండా పోయాయి. పళ్ల మధ్య ఒత్తిడికి ఆయిల్ పొర తెగిపోయి, ఉక్కు ఉక్కును తాకి, తాకినచోట అతుక్కుని, మరుక్షణం చిరిగిపోయేది. దీన్ని ఇంజనీర్లు స్కోరింగ్ అంటారు. దీనికి విరుగుడు రసాయన శాస్త్రం నుంచి వచ్చింది. సీసపు సబ్బులు, గంధకం, క్లోరిన్ సమ్మేళనాలు కలిపి చూశారు. స్పెర్మ్ తిమింగలం నూనెను గంధకంతో కలిపి తయారుచేసిన పదార్థం దశాబ్దాల పాటు గేర్ ఆయిళ్లలో మేలైన దినుసుగా చెల్లింది. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చాక ఆ దారి మూసుకుపోయింది. సముద్రంలో ఓ మహాజీవి ప్రాణం మన కార్ల ఇరుసుల్లో కరిగిపోతూ వచ్చిందన్న సంగతి ఇప్పుడు చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. నేటి గేర్ ఆయిళ్ల బలమంతా గంధకం, భాస్వరం సమ్మేళనాలదే. డబ్బా మూత తీయగానే ముక్కుపుటాలదిరే ఆ ఘాటు వాసన గంధకానిది.

ఈ దినుసులు పనిచేసే తీరు అద్భుతంగా ఉంటుంది. పంటి ఉపరితలం కంటికి నున్నగా కనబడినా నిజానికి గుట్టలూ లోయలూ. రెండు గుట్టలు రాసుకున్నచోట రెప్పపాటు కాలం వందల డిగ్రీల వేడి పుడుతుంది. ఆ వేడికి గంధకం ఇనుముతో కలిసి ఇనుప సల్ఫైడు పొరగా మారుతుంది, భాస్వరం ఫాస్ఫేటు పొరగా మారుతుంది. ఉక్కుకంటే తేలిగ్గా కోసుకుపోయే పొరలివి. ఉక్కు చిరగాల్సిన చోట పొర చిరిగి, మళ్లీ అక్కడే కొత్త పొర పుడుతుంది. భాస్వరం తక్కువ వేగంలో, భారీ టార్క్ (తిప్పే బలం) కింద బాగా పనిచేస్తుంది. ఎక్కువ వేగంలో దెబ్బ మీద దెబ్బ పడే చోట గంధకం ముందుంటుంది. మంచి గేర్ ఆయిల్ ఈ రెండిటి పాళ్లను కుదిర్చే విద్య.

ఇక అసలు ప్రశ్న. ఆయిల్ చిక్కదనం గేరును ఎప్పుడు కాపాడుతుంది?

బ్రిటన్‌లో డంకన్ డౌసన్, గోర్డన్ హిగ్గిన్సన్ 1959లో ఈ లెక్కను అంకెలతో సాధించారు. తరవాతి కాలంలో డౌసన్ హామ్రాక్‌తో కలిసి దాన్ని విస్తరించాడు. గేరు పళ్లు కలిసే చోట ఒత్తిడికి ఉక్కు కాస్త నొక్కుకుంటుంది, ఆయిల్ దాదాపు గట్టిపడుతుంది. ఈ రెండూ కలిసి మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం కూడా లేని పొరను నిలబెడతాయి. ఆ సూత్రం చెప్పే విషయం మొదటిసారి చూసినవాళ్లను ఆశ్చర్యపరుస్తుంది. పళ్ల మీద భారం రెట్టింపైతే పొర మందం తగ్గేది నూటికి అయిదు వంతులే. వేగం రెట్టింపైతే పొర ఒకటిన్నర రెట్లకు మించి పెరుగుతుంది. చిక్కదనం రెట్టింపైనా ఫలితం అంతే. ఎందుకంటే సూత్రంలో వేగమూ చిక్కదనమూ ఒకదానితో ఒకటి గుణించుకుని ఉంటాయి.

గుణకారంలో ఒక సంఖ్య సున్నా అయితే లబ్ధం సున్నా. డ్రాగ్ కారు కథంతా ఇక్కడే ఉంది.

పచ్చ దీపం వెలిగే ముందు కారు కదలకుండా నిలబడి ఉంటుంది. ట్రాన్స్‌బ్రేక్ గేరుబాక్సును బిగించి పట్టుకుంటుంది, ఇంజన్ నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరుగుతూ టార్క్ కన్వర్టరును నొక్కుతుంటుంది. క్రౌన్ చక్రం మాత్రం కదలదు. పళ్ల మధ్య ఆయిల్ మెల్లగా పక్కలకు జారిపోతుంది. డ్రైవరు మీట వదిలాడంటే బలమంతా ఒక్కసారి విరుచుకుపడుతుంది. ఓ ఉదాహరణ తీసుకుందాం. ఇంజన్ టార్క్ 800 న్యూటన్ మీటర్లు, కన్వర్టరు దాన్ని రెట్టింపు చేసిందనుకుందాం, డ్రాగ్ రేసుల్లో బాగా వాడే పవర్‌గ్లైడ్ గేరుబాక్సు మొదటి గేరు నిష్పత్తి 1.76. మూడూ గుణిస్తే పినియన్ మీద పడేది దాదాపు 2,800 న్యూటన్ మీటర్లు. ఇరుసు నిష్పత్తి 4.10 అయితే క్రౌన్ దగ్గర అది 11,500 దాటుతుంది. మన రోడ్ల మీద తిరిగే చిన్న హాచ్‌బ్యాక్ ఇంజన్ ఇచ్చే టార్క్ వంద పైచిలుకు న్యూటన్ మీటర్లే. పైగా పళ్ల మధ్య మిల్లీమీటరులో అయిదో వంతు సందు ఉంటుంది. ఆ సందు ఒక్కసారిగా మూసుకునేటప్పుడు పడేది సుత్తిదెబ్బ. మామూలు టైర్లయితే జారి తిరిగిపోయి దెబ్బను కొంత తప్పిస్తాయి. వెడల్పాటి స్లిక్ టైర్లు ట్రాకుకు అంటుకుపోయి ఆ దెబ్బ మొత్తాన్ని గేరు పళ్లకే అప్పజెబుతాయి.

అంటే ఈ యంత్రంలో గరిష్ఠ భారం పడే క్షణానికి వేగం సున్నా. ఆ క్షణంలోనూ, తరవాతి తొలి చుట్టు రెండు చుట్లలోనూ ఆయిల్ 90 అయినా 140 అయినా నిండు పొర నిలబడదు. పళ్లను కాచేది అంతకుముందు పరుగుల్లో ఉక్కు మీద ఏర్పడి ఉన్న రసాయన పొర, కొత్తగా దాన్ని పుట్టించే గంధకం, భాస్వరం. కాబట్టి డ్రాగ్ రేసర్ డబ్బా మీద ముందు చదవాల్సింది చిక్కదనం అంకెను కాదు, సేవా తరగతిని. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే జీఎల్-5 అన్న గుర్తు హైపాయిడ్ ఇరుసుకు కనీస అర్హత. జీఎల్-4లో ఈ దినుసులు ఇంచుమించు సగమే ఉంటాయి. నేడు దాన్ని ఎక్కువగా గేరుబాక్సుల్లో వాడతారు, ఇలాంటి హైపాయిడ్ ఇరుసులో పోయకూడదు. జీఎల్-5 అనిపించుకోవాలంటే ఆయిల్ నిజమైన ఇరుసుల్లో పరీక్షలు నెగ్గాలి. ఎల్-37 పరీక్ష తక్కువ వేగంలో భారీ టార్క్ వేసి చూస్తుంది, ఎల్-42 ఎక్కువ వేగంలో దెబ్బలు కొట్టి చూస్తుంది. ఎల్-37లో వాడేది డానా 60 ఇరుసు. కొందరు రేసర్లు తమ కార్ల కింద బిగించుకునేది కూడా ఆ కుటుంబం ఇరుసే.

పినియన్ మరీ కిందికి జరిగిన ఇరుసుల కోసం ఒకప్పుడు జీఎల్-6 అనే తరగతి కూడా ఉండేది. ఆ పరీక్షల పరికరాలు కాలం చెల్లి తరగతే మూలబడింది. ఇప్పటికీ కొన్ని డబ్బాల మీద ఆ అంకె కనబడుతుంది. దానికి వెనక నేడు నడిచే పరీక్షంటూ లేదు గనక దాన్ని చూసి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

రసాయనం సంగతి తేలాక చిక్కదనం దగ్గరికి రావచ్చు. ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంఘం గేర్ ఆయిళ్లకు ఇచ్చే 90, 140 అంకెలు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలిచినవి. ఆ వేడిలో 90 రకం చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోకుల లోపు, 140 రకం 24 నుంచి 32.5 లోపు. 2005లో ఈ రెండిటి మధ్య 110 అనే మెట్టును కూడా చేర్చారు. ఇంజన్ ఆయిల్ అంకెలకూ వీటికీ పోలిక లేదు. 90 గేర్ ఆయిల్ చిక్కదనంలో 40 లేదా 50 ఇంజన్ ఆయిల్‌కు దగ్గరగా ఉంటుంది. అంకె పెద్దది కదా అని రెట్టింపు చిక్కగా ఉంటుందనుకోవడం పొరపాటు.

గమనించాల్సిన మాట 100 డిగ్రీలు. ఓవల్ ట్రాకు మీద వందల మైళ్లు తిరిగే నాస్కార్ కారు ఇరుసు ఆ వేడిని చేరుతుంది, దాటుతుంది కూడా. అందుకే పెద్ద ట్రాకుల మీద వాటి వెనక ఇరుసుకు ప్రత్యేకంగా కూలర్లు పెడతారు. డ్రాగ్ కారు పరుగు పది సెకన్లు. వెనక్కు తోలుకొచ్చి గంటసేపు చల్లబెడతారు. ఇరుసులోని ఆయిల్ వాతావరణంకంటే కాస్త వెచ్చబడితే గొప్ప. అలాంటప్పుడు డబ్బా మీది అంకె సూచించే వేడి ఆ కారు జీవితంలో రానే రాదు. దానికి లెక్కలోకి వచ్చేది 40 డిగ్రీల దగ్గరి చిక్కదనం. మంచి సింథటిక్ 75డబ్ల్యూ-90 ఆయిల్ 40 డిగ్రీల వద్ద నూరు నుంచి నూట ఇరవై సెంటీస్టోకుల చుట్టుపక్కల ఉంటుంది. సాధారణ 85డబ్ల్యూ-140 రకం మూడు వందలు దాటుతుంది. క్రౌన్ చక్రం ఆ జిగురులో సగం మునిగి నిమిషానికి వెయ్యికి పైగా చుట్లకు ఎగబాకాలి. చిలకడానికి ఖర్చయ్యే ప్రతి హార్స్‌పవరూ టైరు దగ్గరికి చేరకుండా పోయినదే. ఫలితాన్ని వెయ్యో వంతు సెకన్ల వరకు కొలిచే ఆటలో ఇది చిన్న సంగతి కాదు. పై తరగతుల్లో పోటీపడేవాళ్లు గేరు పళ్లను అద్దంలా నునుపు చేయించి, ఇంకా పలచటి ఆయిల్ వాడేది ఈ లెక్కతోనే.

బ్రాకెట్ రేసర్‌కు మరో కోణం ఉంది. ఆ పోటీలో తన కారు ఎంతలో పరిగెత్తుతుందో ముందే చెప్పి, ఆ సమయానికి వీలైనంత దగ్గరగా పరిగెత్తాలి. అంటే వేగంకంటే నిలకడ ముఖ్యం. ఉదయం చల్లగా ఉన్నప్పుడు, సాయంత్రం వెచ్చబడ్డాక ఆయిల్ ఒకేలా ప్రవర్తించాలి. వేడితో చిక్కదనం తక్కువగా మారే సింథటిక్ ఆయిల్‌కు ఇక్కడ పట్టం కట్టవచ్చు.

తరవాతి ప్రశ్న క్రౌన్ చక్రం లోపల ఏముందన్నది. డ్రాగ్‌కే కట్టిన కార్లలో చాలావాటికి స్పూల్ ఉంటుంది. అది రెండు చక్రాలనూ ఒకే కడ్డీలా కలిపేసే ఉక్కు ముక్క. అందులో జారే భాగాలేవీ లేవు. కనుక ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే దినుసు దానికి అవసరం లేదు. రోడ్డు మీదా, ట్రాకు మీదా నడిచే కారుకు సాధారణంగా క్లచ్ పలకల లిమిటెడ్ స్లిప్ ఉంటుంది. అమెరికాలో 1956లో స్టూడ్‌బేకర్ పాకార్డ్ కంపెనీ తన కార్లకు తొలిగా అందించిన ఏర్పాటు ఇది. మలుపులో దాని పలకలు ఒకదానిపై ఒకటి నెమ్మదిగా జారాలి. మాడిఫయర్ లేకపోతే పట్టుకుని, వదిలి, పట్టుకుని గడగడలాడతాయి. ఎక్కువైతే ట్రాకు మీద అవసరమైన పట్టే సడలుతుంది. చాలా ఆయిళ్లలో అది ముందే కలిసి ఉంటుంది. డబ్బా మీద ఆ మాట ఉంటే మళ్లీ సీసా కొని పోయడం అనవసరం. క్లచ్ పలకలు లేకుండా గేర్ల రాపిడితోనే పట్టు సాధించే ట్రూట్రాక్ లాంటి రకాలు మరో తీరు. వాటి తయారీదారు ఈటన్ మామూలు ఖనిజ తైలమే వాడమంటుంది, మాడిఫయర్ వద్దంటుంది. ఖరీదైన సింథటిక్ ఎప్పుడూ మేలనుకునేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ యంత్రానికి పట్టునిచ్చేదే రాపిడి.

గేరు ఉక్కు కూడా మాట్లాడుతుంది. రోడ్డు కార్ల క్రౌన్ పినియన్లు సాధారణంగా 8620 రకం ఉక్కుతో చేస్తారు. డ్రాగ్ కోసమే చేసే ప్రో గేర్లకు 9310 రకం నికెల్ ఉక్కు వాడతారు. దాని లోపలి భాగం మెత్తగా ఉండి దెబ్బను విరగకుండా మింగుతుంది. దానికి బదులుగా పళ్లు తొందరగా అరుగుతాయి. అందుకే అవి రోజువారీ రోడ్డు వాడకానికి పనికిరావు. అలాంటి గేర్లున్న ఇరుసులో తక్కువ ధర ఆయిల్ పోసి, ఏళ్ల తరబడి మార్చకుండా ఉంచడం కొన్న డబ్బును కరిగించుకోవడమే.

కొత్త గేర్లు ఏవైనా తొలి పరుగు నెమ్మదిగా జరగాలి. కొత్త పళ్ల మీది గుట్టలు ఒకదాన్నొకటి సర్దుకునేటప్పుడు పుట్టే వేడి, తరవాత ఎప్పుడూ పుట్టనంత ఉంటుంది. పాతిక కిలోమీటర్ల లోపే నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ నడిపి, కొన్ని వందల కిలోమీటర్ల తరవాత ఆ ఆయిల్‌ను పారబోసి కొత్తది పోస్తారు. ఈ తొలి దశకు ఖనిజ తైలం చాలు. ఓర్పు లేక తిన్నగా ట్రాకుకు తీసుకెళ్లిన గేర్లు నీలం రంగు తిరిగి, పళ్ల గట్టిదనం పోగొట్టుకుంటాయి. ఆ తరవాత ఏ ఆయిల్ పోసినా ఆ గట్టిదనం తిరిగి రాదు. పళ్ల మధ్య సందు, రంగు పూసి చూసే ముద్ర తప్పుగా కుదిరినా అంతే. కూర్పులోని తప్పును దిద్దే శక్తి ఏ ఆయిల్‌కూ ఉండదు.

ఎంత పోయాలన్నది కూడా పట్టించుకోవాలి. కారు ముందు చక్రాలు గాల్లోకి లేచే క్షణంలో ఇరుసులోని ఆయిలంతా వెనక్కి ఎగబాకుతుంది. ముందువైపు ఉండే పినియన్ బేరింగు సరిగ్గా అప్పుడే ఎండిపోతుంది. మట్టం తక్కువగా ఉంటే అది మొదట కాలిపోతుంది. అలాగని గొంతుదాకా నింపితే నురుగొస్తుంది, ఇరుసు చివరి సీళ్లలోంచి బ్రేకుల మీదికి కారుతుంది. గాలి తీసే చిన్న గొట్టం మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. తయారీదారు చెప్పిన మట్టానికి నింపి, గాలి గొట్టం తెరిచి ఉందో లేదో చూసుకోవడం అరగంట పని.

నెలల తరబడి షెడ్డులో ఉండి అప్పుడప్పుడే పరిగెత్తే కారు ఇరుసులో నీటి ఆవిరి చేరుతుంది. ఆయిల్ ఎప్పుడూ బాగా వేడెక్కదు కనుక ఆ నీరు బయటికి పోదు. పాలరంగు తిరిగిన ఆయిల్ కనిపిస్తే తిరిగిన మైళ్లు లెక్కపెట్టకుండా మార్చేయాలి. ఇరుసులోని అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి గుజ్జు ఉంటే భయం లేదు. వేలికి గుచ్చుకునే ముక్క తగిలితే మాత్రం ఆ కారును మళ్లీ గీత మీదికి తీసుకెళ్లకూడదు.

స్పూల్ ఉన్న తొమ్మిది అంగుళాల ఇరుసు, స్లిక్ టైర్లు, పది పన్నెండు సెకన్ల పరుగు, సర్దుకున్న గేర్లు, ఇదీ సాధారణ డ్రాగ్ కారు. దానికి జీఎల్-5 తరగతి సింథటిక్ 75డబ్ల్యూ-90 సరైన ఎంపిక. బరువైన కారు, రోడ్డు ప్రయాణం, వేసవి ఎండ కలిస్తే 110 దాకా వెళ్లొచ్చు. వెనక చక్రాలతో నడిచే ఇన్నోవా క్రిస్టా, బొలెరో లాంటి బండ్లున్న మన పాఠకులకూ ఇందులో పనికొచ్చే ముక్క ఉంది: వాటి వెనక హౌసింగులోనూ ఉన్నది హైపాయిడ్ గేరే. మేస్త్రీ ఏ డబ్బా విప్పుతున్నాడో దగ్గరుండి చూడండి. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన తరగతి, అంకె రెండూ డబ్బా మీద ఉంటేనే పోయనివ్వండి.